బిడ్డకు రెండవ ఒడి

శిశు సంరక్షణ అనగానే మనకు పాలు, అన్నం, కోడిగ్రుడ్డు, టీకాలు జ్ఞాపకం వస్తాయి. ప్రభుత్వ పథకాలు కూడా ఎక్కువగా వీటినే లెక్కిస్తాయి. కాని రెండు మూడేళ్ళ పసివాని దృష్టిలో సంరక్షణ అంటే ఒక మనిషి. తన ఏడుపు ఆకలి ఏడుపో నిద్ర ఏడుపో పోల్చగలిగిన మనిషి. ఆ మనిషి ఉన్నంతవరకు తల్లి నిశ్చింతగా పనికి పోగలదు. ఆ మనిషి సెలవు పెట్టినా, పదవీ విరమణ చేసినా, పని మానివేసినా, కేంద్రానికి తాళం పడినా ఏమి జరుగుతుంది? బిడ్డను పట్టుకొనే చేయి మారే ఆ సమయాన్ని గూర్చి విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తాడిమర్రి పరిసరాల వారికి ఈ ప్రశ్న దూరమైనది కాదు. వానను నమ్ముకొన్న వేరుశనగ సేద్యం, ప్రక్కనే ధర్మవరంలో పట్టు మగ్గాలు, పంట చేతికి రాని ఏడు బెంగుళూరు ప్రయాణం – ఈ ప్రాంతపు పేద కుటుంబాల జీవనం చాలావరకు ఈ మూడింటి మధ్యనే తిరుగుతుంది. మూడింటికీ తల్లి చేతులు కావాలి. కలుపు తీసేటప్పుడు గట్టు మీద చెట్టు నీడలో పడుకోబెట్టిన బిడ్డకు ఎండ తిరిగితే నీడ తప్పుతుంది. కట్టడాల దగ్గర ఇసుక, ఇనుము, నీళ్ళ తొట్లు ఉంటాయి. మగ్గం ఇంటిలోనే ఉన్నది గదా, నేస్తూ బిడ్డను చూసుకోవచ్చును గదా అని కొందరు అంటారు. పట్టు పోగు ఎంత సన్ననిదో తెలిసినవారు ఆ మాట అనరు. పసివాని చేయి పడుగు మీద పడితే పోగులు తెగుతాయి. వాటిని అతికేసరికి పూట గడుస్తుంది. కండెలు చుట్టే స్త్రీకి నెలజీతం లేదు. చేసిన పనిని బట్టియే కూలి. బిడ్డ కోసం లేచిన ప్రతిసారి ఆ కూలిలో కొంత తరుగుతుంది.

ఇటువంటి తల్లుల కోసం మన దేశంలో జరిగిన ప్రయత్నాలు చిన్నవి కావు. తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ గ్రామంలో ఆరంభించిన ప్రయోగాల నుండి బాల్వాడీ, అంగన్‌వాడీ అనే పేర్లు వ్యాపించాయి. అంగన్ అంటే ముంగిలి. పిల్లలు బడికి రాలేకపోతే బడియే వారి ముంగిటికి పోవాలన్నది ఆ పేరులోని భావం. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మన తెలుగు విదుషీమణి దుర్గాబాయి దేశ్‌ముఖ్ తొలి అధ్యక్షురాలు. ఆ మండలి స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చిన ధనసహాయంతో పల్లెలలో బాల్వాడీలు నడిచాయి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం ప్రారంభమైనది. ఆ తొలి జాబితాలో అనంతపురం జిల్లాలోని కంబదూరు కూడా ఉన్నది. తాడిమర్రి అప్పుడు ఆ జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినప్పుడు క్రొత్త జిల్లాలో చేరినది. అనగా అంగన్‌వాడీ చరిత్ర ఈ నేలకు మొదటి నుండి తెలిసినదే.

అయితే ఈ పథకంలో ఒక ఖాళీ ఆనాటి నుండి ఉన్నది. పూర్వప్రాథమిక విద్య కోసం కేంద్రంలో కూర్చుండబెట్టేది మూడు నుండి ఆరేళ్ళ పిల్లలను. మూడేళ్ళ లోపు బిడ్డకు ముఖ్యంగా ఇచ్చేది ఇంటికి తీసుకొనిపోయే పౌష్టికాహారం. తల్లికి అన్నిటికంటె ఎక్కువ సహాయం కావలసిన వయస్సు ఆ మూడేళ్ళే. ఆ లోటు తీర్చడానికి శిశు సంరక్షణ కేంద్రాల పథకం వేరుగా వచ్చినది. 2006లో అది రాజీవ్ గాంధీ పేరుతోను, 2017లో జాతీయ క్రెష్ పథకమనే పేరుతోను నడిచి, 2022లో మిషన్ శక్తి క్రింద ‘పాల్నా’గా మారినది. పాల్నా అంటే ఉయ్యాల; ఉర్దూ తెలిసిన ఇళ్ళలో అది వాడుక మాటే. అంగన్‌వాడీకి ఉయ్యాలను చేర్చి, ఆరునెలల బిడ్డను మొదలుకొని పగలంతా చూసే కేంద్రాలను నెలకొల్పాలన్నది దాని సంకల్పం. సంకల్పం మంచిదే, కాని ఊరూరికీ అది చేరలేదు.

ఇక చట్టాలను చూద్దాము. రాజ్యాంగంలోని 45వ అధికరణానికి 2002లో జరిగిన 86వ సవరణ ప్రకారం, ఆరేళ్ళు నిండేవరకు పిల్లలందరికి సంరక్షణ, విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలి. ఇక్కడ ‘ప్రయత్నించాలి’ అనే క్రియను గమనించవలెను. అదే సవరణ 21-ఎ అధికరణంలో ఆరు నుండి పదునాలుగేళ్ళ పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసినది. చిన్నబిడ్డ సంరక్షణ ప్రయత్నం, పెద్దబిడ్డ చదువు హక్కు. కాగితం మీద ఈ రెండూ వేరువేరు వాక్యాలు. పేదవాని ఇంట్లో మాత్రం ఒకే చాప మీద కూర్చున్న చెల్లెలు, అక్క.

2013 జాతీయ ఆహార భద్రతా చట్టం మరొక అడుగు వేసినది. ఆరునెలల నుండి ఆరేళ్ళ వరకు ప్రతి బిడ్డకు అంగన్‌వాడీ ద్వారా ఉచితాహారం హక్కు అని అయిదవ సెక్షను చెప్పినది. ఆ ఆహారం అందనప్పుడు బదులుగా ఆహార భద్రతా భత్యం పొందే హక్కు ఎనిమిదవ సెక్షనులో ఉన్నది. అనగా భోజనం తప్పినప్పుడు ఏమి చేయాలో శాసనకర్తలు ముందుగానే ఆలోచించారు. బిడ్డను చూసుకొనే మనిషి తప్పినప్పుడు ఏమి చేయాలో మాత్రం అందులో లేదు. 2020 మార్చిలో కరోనా వల్ల కేంద్రాలు మూతపడినప్పుడు ఈ భేదం కండ్లకు కట్టినది. సరుకులను ఇళ్ళకు చేర్చగలిగారు. ఒడిని ఎవరు చేర్చగలరు?

చట్టం వదలిన ఆ ఖాళీని మన పల్లెలలో ఎవరు పూరిస్తున్నారు? జేజి ఉన్న ఇంట్లో జేజి, నానీ ఉన్న ఇంట్లో నానీ. వారు వృద్ధులై, కన్ను ఆనక, కాలు సాగక ఉన్న ఇంట్లో ఎనిమిది పదేళ్ళ అక్క. “ఈ పూటకు బడి మానుకోవే, తమ్ముణ్ణి చూసుకో” అన్న మాటతో మొదలవుతుంది. ఆ పూట రెండు రోజులవుతుంది. కలుపుల కాలంలో వారమవుతుంది. తిరిగి వెళ్ళేసరికి తరగతిలో లెక్కలు ముందుకు పోయి ఉంటాయి. అర్థం కాని చోట కూర్చోవడానికి సిగ్గుపడి ఆ పిల్ల తానే మానుకొంటుంది. బడి రిజిష్టరులో ‘చదువు మీద శ్రద్ధ లేదు’ అని వ్రాయబడవచ్చును. నిజానికి ఆ పిల్ల ఉద్యోగం చేసినది. జీతం లేదు, పేరు లేదు, సెలవు అంతకన్నా లేదు. ప్రత్యామ్నాయ సంరక్షణ అని పెద్దలు పెద్ద పేరుతో పిలిచే వ్యవస్థ మన ప్రాంతంలో ఇంతకాలం ఆడపిల్ల భుజాల మీద నడిచినది. కనుక అంగన్‌వాడీకి ఒకరోజు తాళం పడితే నష్టం ఆ కేంద్రంలోని పసివారితో ఆగదు. పైతరగతిలో ఒక బల్ల ఖాళీ అవుతుంది.

చూసుకొనే మనిషి మారినప్పుడు బిడ్డ మనస్సులో ఏమి జరుగుతుందో శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఆంగ్ల దేశంలో జేమ్స్ రాబర్ట్‌సన్, జాయిస్ రాబర్ట్‌సన్ దంపతులు తల్లికి తాత్కాలికంగా దూరమైన పసివారిని చలనచిత్రాలలో చూపారు. 1969 నాటి చిత్రంలోని జాన్ పదిహేడు నెలలవాడు. తల్లి రెండవ కాన్పుకు ఆసుపత్రికి పోగా, తొమ్మిది రోజులు ఒక శిశుగృహంలో ఉన్నాడు. అక్కడ అన్నానికి లోటు లేదు, శుభ్రతకు లోటు లేదు, దాదులు దయలేనివారు కారు. కాని విధులు పంచుకొన్నందున దాదులు మారుతూ వచ్చారు. జాన్ ఒక్కొక్కరి దగ్గరకు పోయి చూసి, ఎవరూ తనకు నిలువక, క్రమంగా తిండి మాని, ముడుచుకొని పోయాడు. తల్లి వచ్చినప్పుడు ఆమెకు కూడా ముఖం చాటు చేశాడు. ఆ దంపతులే మరి నలుగురు పిల్లలను తమ ఇంట పెట్టుకొని చూశారు. ఆ పిల్లలను ముందుగా పరిచయం చేసుకొన్నారు. వారి అలవాట్లు తల్లులను అడిగి తెలిసికొన్నారు. ఒక్కరే వారిని కనిపెట్టుకొని ఉన్నారు. ఆ పిల్లలూ తల్లి కోసం బెంగపడ్డారు గాని జాన్ వలె కుంగిపోలేదు.

ఇందులోని పాఠం సులభమైనది. బిడ్డ తల్లిని తప్ప మరెవ్వరినీ ఓర్వలేదనుకోవడం సరి కాదు. పరిచయమైన రెండవ ఒడిని బిడ్డ అంగీకరిస్తుంది. శ్రీకృష్ణుని పెంచినది యశోద. ముహమ్మద్ ప్రవక్తను శైశవంలో పెంచినది దాది హలీమా. మన రెండు సంప్రదాయాలూ పెంపుడు ఒడిని గౌరవించినవే. బిడ్డ ఓర్వలేనిది ఒక్కటే: చెప్పకుండా, చూపకుండా, రోజుకొక క్రొత్త ముఖం రావడం.

ఈ దృష్టితో మన రాష్ట్రంలోని ఇటీవలి అనుభవాన్ని చూడవచ్చును. 2023 డిసెంబరు 12 నుండి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్తకు నెలకు ఇచ్చే గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. వేతనం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని వారు కోరారు. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పియున్నది. సమ్మె కాలంలో అనేకచోట్ల కేంద్రాల తాళాలు పగులగొట్టి, గ్రామ సచివాలయాల సిబ్బందికి నిర్వహణ అప్పగించారు. 2024 జనవరిలో అత్యవసర సేవల చట్టం కూడా ప్రయోగించారు. ఆ నెల 22న చర్చలు ఫలించి సమ్మె ముగిసినది.

ఎవరి పక్షాన న్యాయమున్నదను చర్చకు ఇది తావు కాదు. శిశు సంరక్షణ విద్యార్థులుగా మనం గ్రహించవలసినది వేరు. తాళం పగులగొట్టి తలుపు తెరువవచ్చును. పరిచయాన్ని అలా తెరువలేము. సచివాలయ ఉద్యోగికి ఆ పిల్లలలో ఎవరు కారం తినరో, ఎవరు మధ్యాహ్నం పడుకోరో, ఎవరు అన్న ప్రక్కన తప్ప కూర్చోరో తెలియదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డ ‘పానీ’ అంటే అర్థమయ్యే మనిషి ఉన్నదో లేదో తెలియదు. మొదటి రోజులలో పసివానికి దప్పిక తీరడం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. రెండవ విషయం: అత్యవసర సేవ అని చట్టమే పిలిచిన సేవను చేసేవారికి అత్యల్ప వేతనం ఇస్తే ఆ సేవ నిలకడగా ఉండదు. పని మానేవారు పెరిగేకొద్దీ బిడ్డకు ముఖాలు మారుతుంటాయి. వేతనం ప్రశ్న పసివాని మనశ్శాంతి ప్రశ్న కూడా.

సమ్మెలు ఎప్పుడో వస్తాయి. సామాన్య దినాలలోని మార్పులే ఎక్కువ. కార్యకర్తకు ప్రసూతి సెలవు 180 రోజులు. అది ఆమె హక్కు, న్యాయమైన హక్కు. సమావేశాలు, సర్వేలు, ఎన్నికల పనులు ఆమెను కేంద్రం నుండి తప్పిస్తాయి. ఆ రోజులలో ఆయా ఒక్కతే వంటనూ పిల్లలనూ చూస్తుంది. లేదా ప్రక్క కేంద్రపు కార్యకర్త ఇన్‌ఛార్జిగా రెండిటినీ చూస్తుంది. పొయ్యి దగ్గర కన్ను పెట్టిన మనిషి పిల్లల దగ్గర కన్ను పెట్టలేదు.

వలస వచ్చినప్పుడు మార్పు మరింత పెద్దది. ఢిల్లీలో 1969లో మీరా మహాదేవన్ ఆరంభించిన ‘మొబైల్ క్రెషెస్’ సంస్థ కట్టడపు కూలీల పిల్లల కోసం పని జరిగే చోటనే కేంద్రాలను నడిపినది. కట్టడం ముగిస్తే కేంద్రమూ కదలేది. తల్లి ఎక్కడ ఉంటే సంరక్షణ అక్కడ ఉండాలన్న సూత్రం అది. 2005 జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలో కూడా ఇటువంటి నిబంధనను చేర్చారు: పనిచోటికి ఆరేళ్ళ లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించో వస్తే, ఆ స్త్రీలలో ఒకరిని పిల్లలను చూడడానికి నియమించి, ఆమెకు కూలి ఇవ్వాలి. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ ప్రారంభించినది అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలోనే. బిడ్డను చూడడం కూడా కూలి ఇవ్వదగిన పనియేనని చట్టం ఒప్పుకొన్న ఆ వాక్యాన్ని మనం మరువరాదు.

పరదేశాల పద్ధతి కొంచెం వేరు. అమెరికాలో 1990 నాటి చట్టం క్రింద పేద కుటుంబాలకు సంరక్షణ సహాయం ఇస్తారు. సహాయపత్రాన్ని పొందిన తల్లి తనకు నచ్చిన కేంద్రాన్ని ఎన్నుకొంటుంది. చూసుకొనేవారు మారితే కార్యాలయానికి తెలియజేసి, సహాయాన్ని క్రొత్త చోటికి మార్పించుకొంటుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, ఒకసారి అర్హత నిర్ణయమైతే కనీసం 12 నెలలు దానిని నిలపాలన్నారు. అక్కడ కూడా చిక్కులు లేకపోలేదు. అయినా అందులోని ఒక భావం గ్రహింపదగినది: సహాయం గోడలకు అంటుకొని ఉండదు, బిడ్డ వెంట నడుస్తుంది. మన అంగన్‌వాడీలో సహాయం చాలాకాలం కేంద్రానికి అంటుకొని ఉండినది. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ ద్వారా బిడ్డ పేరును ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి, పరరాష్ట్రానికి సైతం, మార్చే వీలు కలిగినది. తాడిమర్రి నుండి బెంగుళూరు పోయే తల్లికి ఈ సంగతి తెలిసినప్పుడే ఆ వీలు ఫలిస్తుంది.

కావున కుటుంబాలు చేయదగిన పనులను కొన్నింటిని క్రమంగా చెప్పుకొందాము.

మొదటిది, ఊరు మారకముందే కార్యకర్తకు చెప్పి, బిడ్డ పేరును క్రొత్త చోటికి మార్పించమని కోరవలెను. తల్లీబిడ్డల రక్షణ కార్డు, జనన ధ్రువపత్రం, ఆధార్ నకలు ఒకే సంచిలో ఉంచుకొనవలెను. కార్డు పోతే వేసిన టీకా ఏదో, వేయవలసినది ఏదో చెప్పడం కష్టమవుతుంది.

రెండవది, అవసరం రాకముందే రెండవ మనిషిని నిర్ణయించుకొనవలెను. పిన్నమ్మ కావచ్చును, ఖాలా కావచ్చును, పొరుగింటి పెద్దావిడ కావచ్చును. తల్లి ప్రక్కన ఉండగానే ఆ మనిషి ఒకటి రెండు సార్లు బిడ్డకు అన్నం తినిపించవలెను. తల్లి ఎదుట పరిచయమైన ముఖమే తల్లి లేనప్పుడు ధైర్యమిస్తుంది.

మూడవది, బిడ్డ తినేది, తినకూడనిది, పడుకొనే వేళ, వాడే మందు, ఇంట్లో పలికే మాటలు, తల్లి ఫోను సంఖ్య ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి కేంద్రంలో ఇవ్వవలెను. వ్రాయలేని తల్లికి వ్రాసి పెట్టడం ఈ కళాశాల విద్యార్థినులు చేయగల సేవ.

నాల్గవది, ఈ రెండవ మనిషి స్థానంలో బడికి పోయే బిడ్డ పేరు ఎన్నటికీ వ్రాయరాదు.

అయిదవది, ఊరు కలిసి అడగవలసినవి. ప్రతి కేంద్రానికి తల్లులు సభ్యులుగా గల పర్యవేక్షణ, సహాయక కమిటీ ఉండాలని నియమమున్నది. కార్యకర్త దీర్ఘకాలపు సెలవులో పోయేముందు, ఆమె స్థానంలో వచ్చే మనిషి కొన్ని దినాలు ఆమెతో కలిసి పనిచేయాలని ఆ కమిటీ సూపర్‌వైజరును, సి.డి.పి.ఓ.ను వ్రాతపూర్వకంగా కోరవచ్చును. కేంద్రమే లేని పేటవారు సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన ఉత్తరువును జ్ఞాపకం చేయవచ్చును: ఆరేళ్ళ లోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని నివాసంవారు కోరితే, మూడు నెలలలో కేంద్రం ఏర్పరచాలి.

ఇవన్నీ కుటుంబమే చేసుకొంటే చాలునా? చాలదు. జేజికి కన్ను ఆనకపోవడం, తల్లికి కూలి తప్పకపోవడం కుటుంబపు తప్పులు కావు. ప్రతి కేంద్రానికి పిల్లలకు ముందే పరిచయమైన ఒక ప్రత్యామ్నాయ కార్యకర్తను పేరుతో సహా నియమించి, పనిచేసిన రోజులకు వేతనం ఇవ్వడం ప్రభుత్వానికి అసాధ్యమైన పని కాదు. నాలుగైదు కేంద్రాలకు కలిపి ఒక్కరు ఉన్నా, వారానికొకసారి ఒక్కొక్క కేంద్రంలో కూర్చుంటే, ఆమె ముఖం పిల్లలకు క్రొత్తది కాదు. కావలసిన ధనం తక్కువ, కావలసిన ముందుచూపు ఎక్కువ.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనవారు అంటారు. మొక్క వంగడానికి ముందు నిలువడానికి ఊతం కావాలి. ఒక ఊతం తీసేటప్పుడు రెండవ ఊతం కట్టిన తరువాతనే తీయాలని వ్యవసాయం చేసేవారందరికీ తెలుసు. ఈ కళాశాలలో చదువుకొనే చెల్లెళ్ళలో రేపు ఉపాధ్యాయినులు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లు, సచివాలయ ఉద్యోగినులు ఉంటారు. మీ చేతికి హాజరుపట్టీ వచ్చిన రోజున బడికి రాని పదేళ్ళ పిల్ల పేరు ఎదుట సున్న పెట్టేముందు ఒక ప్రశ్న అడగండి: ఈ దినం ఈ ఊరి అంగన్‌వాడీ తెరిచి ఉన్నదా? ఆ జవాబు విన్న తరువాత ఆ పిల్ల ఇంటికి ఒకసారి నడిచి వెళ్ళండి.